ర్యాప్ సరిగ్గా రానివాడు ర్యాప్‌నే ఎలా మార్చాడు? స్వీడన్ కుర్రాడు యంగ్ లీన్ సంగతి

యంగ్ లీన్‌ని మొదటిసారి విన్న చాలామందికి వచ్చే అనుమానం ఒకటే: ఇతను నిజంగా పాడుతున్నాడా, లేక మనల్ని ఆటపట్టిస్తున్నాడా? 2013లో 'జిన్‌సెంగ్ స్ట్రిప్ 2002' అనే పాట యూట్యూబ్‌లో చేతులు మారుతున్నప్పుడు అమెరికాలో సంగీతం గురించి రాసేవాళ్లు కూడా ఇదే అడిగారు. వీడియోలో ఉన్నది పదహారేళ్ల తెల్ల కుర్రాడు. నెత్తిన బకెట్ టోపీ, ముఖంలో నిద్రమత్తు. అమ్మాయిల గురించీ మత్తు గురించీ గొప్పలు చెప్పుకుంటున్నాడు. ఆ గొప్పలు కూడా బళ్లో హాజరుపట్టీ చదువుతున్నట్టు చెబుతున్నాడు. గొంతులో ఎత్తుపల్లాల్లేవు. అక్కడక్కడ తాళం జారుతోంది. వెనక మాత్రం షుగీ ఓటిస్ అనే అమెరికన్ గిటారిస్టు 1974 నాటి ఆల్బమ్ నుంచి తీసిన ఓ ముక్క తియ్యగా, మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది.

'జోకా, నిజమా' అన్న ఈ చర్చ ఇన్నేళ్లయినా తెగలేదు. నన్నడిగితే ఆ ప్రశ్న వేయడంలోనే పొరపాటుంది. ఆ కుర్రాడికి అది జోకూ, నిజమూ రెండూనూ. ఇంట్లో కంప్యూటర్ ముందు పెరిగిన తరం మాట్లాడే తీరే అలాంటిది. బాధ కలిగితే దాన్ని ఓ మీమ్‌లో చుట్టి పంపుతారు. బాధ అబద్ధం కాదు, మీమూ అబద్ధం కాదు. ఆ తీరును ర్యాప్‌లోకి అంత గట్టిగా లాక్కొచ్చిన తొలి కుర్రాళ్లలో ఇతనొకడు. ఇతను వచ్చినచోటు చూస్తే ఇది ఇంకాస్త అర్థమవుతుంది.

అసలు పేరు జొనాటాన్ లియాండోర్ హోస్టాడ్. 1996 జులైలో పుట్టాడు. పసితనంలో కొన్నేళ్లు బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో గడిచాయి. తర్వాత స్టాక్‌హోమ్‌లో సోడెర్‌మాల్మ్ అనే దీవిమీద పెరిగాడు. ఒకప్పుడు కార్మికులు ఉండే ఆ పేట ఇతను పెరిగేనాటికి కాఫీ షాపులూ కళాకారులూ ఉండే ఖరీదైన చోటుగా మారిపోయింది. తండ్రి క్రిస్టఫర్ లియాండోర్ కవి, ఫ్రెంచ్ సాహిత్యాన్ని స్వీడిష్‌లోకి తెచ్చిన అనువాదకుడు. అంటే తిండికి లోటులేని, పుస్తకాలు నిండిన ఇల్లు. 'లీన్' కూడా ఇంటిపేరులోంచి వచ్చిన ముద్దుపేరే. దగ్గు మందును సోడాలో కలిపి తాగే మత్తుకు అమెరికాలో అదే పేరుండటం కాకతాళీయం. అయితే ఆ కాకతాళీయాన్ని అతను పాటల్లో బాగానే వాడుకున్నాడు, తర్వాత దానికి మూల్యమూ చెల్లించాడు.

పక్కన మరో ఇద్దరు చేరారు. యంగ్ గుడ్, యంగ్ షెర్మన్. ఇద్దరూ బీట్లు కట్టేవాళ్లు. ముగ్గురూ కలిసి 'శాడ్ బాయ్స్' అని పేరు పెట్టుకున్నారు. ఏడుపుమొహం కుర్రాళ్లన్నమాట. ర్యాపర్ అంటే ఛాతీ విరుచుకు నిలబడాలన్న లెక్క నడుస్తున్న రోజుల్లో పెట్టుకున్న పేరిది.

ఇది స్వీడన్‌లోనే ఎందుకు పుట్టింది? ఆ దేశంలో 1998లో ఓ పన్ను రాయితీ పథకం వచ్చింది. ఉద్యోగులు తాము పనిచేసే సంస్థ ద్వారా చవకగా ఇంటికి కంప్యూటర్ తెచ్చుకునే వీలు దొరికింది. దాంతో మామూలు ఇళ్లలో కూడా పిల్లలకు చిన్నప్పటినుంచే కంప్యూటర్ అందింది. మున్సిపాలిటీలు నడిపే సంగీత పాఠశాలలు అంతకుముందే ఉన్నాయి. పాటలు దొంగతనంగా దించుకునే పైరేట్ బే సైటు, చందాకు పాటలు వినిపించే స్పాటిఫై రెండూ స్వీడన్‌లోనే పుట్టాయి. యంగ్ లీన్ లాంటివాళ్లు తమ పాటలు పడేసిన సౌండ్‌క్లౌడ్‌ను కూడా 2007లో స్టాక్‌హోమ్‌లో ఇద్దరు స్వీడిష్ యువకులే మొదలుపెట్టి, తర్వాత బెర్లిన్‌కు మార్చారు. పాటను దొంగిలించే దారి, అమ్మే దారి, ఊరికే పంచే దారి మూడూ ఒకే దేశంలోంచి వచ్చాయి. అలాంటి ఊళ్లో పదిహేనేళ్ల పిల్లాడికి అమెరికాలోని మెంఫిస్ ర్యాపర్ల పాత టేపులు దొరకడానికి పెద్ద కష్టపడాల్సిన పనిలేదు.

మెంఫిస్ పేరు ఊరికే ఎత్తలేదు. త్రీ 6 మాఫియా లాంటి మెంఫిస్ బృందాలు 90ల్లో చీకటిగా, మసకగా, టేపు చప్పుడుతో చేసిన పాటలు ఇతని సంగీతానికి ఓ వేరు. రెండో వేరు కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చెందిన లిల్ బి. రోజుకో పాట అన్నట్టు ఇంటర్నెట్‌లో వందలకొద్దీ పాటలు గుమ్మరించి, ప్రాసలు కుదిరినా కుదరకపోయినా తోచింది అనేసిన మనిషి. 'బాగా చెయ్యడం కన్నా దాచుకోకుండా చెయ్యడం ముఖ్యం' అనే ధైర్యం ఓ తరానికి ఇచ్చింది అతనే. లిల్ బికి బీట్లు ఇచ్చిన క్లామ్స్ క్యాసినో అనే న్యూజెర్సీ సంగీతకారుడి మబ్బుమబ్బు శబ్దంలోంచి 'క్లౌడ్ ర్యాప్' అనే శాఖ నిలబడింది.

క్లౌడ్ ర్యాప్‌ని మాటల్లో చెప్పాలంటే ఇలా. మామూలు ట్రాప్ (అమెరికా దక్షిణాదిలో పుట్టిన ర్యాప్ శాఖ) పాటలో 808 డ్రమ్ మెషీన్ దెబ్బలు, చకచకా కొట్టుకునే హై-హ్యాట్లు (జంట తాళాల చప్పుడు), వాటిమీద గట్టి గొంతు ఉంటాయి. క్లౌడ్ ర్యాప్‌లో డ్రమ్ములు అవే. కానీ పైన సాగదీసిన సింథసైజర్ స్వరాలు, నెమ్మది చేసిన శాంపిల్ (పాత పాటలోంచి తీసిన ముక్క), అన్నింటిమీదా దట్టంగా రివర్బ్, అంటే ప్రతిధ్వని. పాట ఎదురుగా కాక, నాలుగు గదుల అవతలినుంచి వినిపిస్తుంది.

యంగ్ లీన్ గొంతు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. 2013 చివర్లో వచ్చిన 'క్యోటో' పాటను హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే ఆ పనితనం బయటపడుతుంది. యంగ్ గుడ్ ఇచ్చిన ఆ బీట్‌లో సింథ్ స్వరాలు పెద్దగా, దాదాపు పండగ ఊరేగింపు స్థాయిలో లేస్తాయి. శ్రావ్యత అంతా అక్కడే ఉంది. ర్యాపర్ కూడా గొంతెత్తి ఉంటే రెండూ కొట్టుకునేవి. ఇతను ఎత్తడు. చిన్న చిన్న పాదాలు, పాదం చివర ఓ సాదా ప్రాస, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోకి సింథ్ వచ్చి చేరుతుంది. మాట చెప్పేది డాబు, సంగీతం చెప్పేది దిగులు. ఒక్క పాటలో రెండు మనసులు నడుస్తాయి. గట్టి ర్యాపర్లు ఒక్కో పాదంలో అయిదారు లోపలి ప్రాసలు ఇరికించి చూపించే నేర్పు ఇందులో లేదు. ఉంటే ఈ పాట పాడయ్యేది. అతనికి రాకపోవడం వల్ల అలా చేశాడా, కావాలనే చేశాడా అంటే, మొదట్లో రాకపోవడమేననిపిస్తుంది. ఆ లోటు చుట్టూ బీట్లు కట్టగలగడం మాత్రం గుడ్, షెర్మన్‌ల తెలివి. ఈ కథలో వాళ్లకు దక్కాల్సిన పేరు దక్కలేదని నా ఫిర్యాదు.

మాటల్లో వస్తువుల సంగతి కూడా చూడాలి. తొలి పాటల నిండా అరిజోనా ఐస్‌టీ డబ్బాలు, నింటెండో ఆటలు, పోకెమాన్, జపాన్ అక్షరాలు, పాత విండోస్ తెరల రంగులు. పేర్లలో పదేపదే 2002 అనే అంకె. ఆ ఏడాది అతనికి ఆరేళ్లు నిండాయి. అతని ఇంగ్లిష్ కూడా అలాంటిదే, తెరమీంచి నేర్చుకున్న ఇంగ్లిష్. అమెరికా వీధిలో పెరిగినవాడు ఒక బ్రాండ్ పేరెత్తితే దాని వెనక డబ్బు, పరువు ఉంటాయి. స్టాక్‌హోమ్ పిల్లాడు ఎత్తితే ఆ పేరు ఓ బొమ్మలా తేలుతుంది, బరువుండదు. అతని పాటల్లో అమెరికా ఓ దేశంలా కాక వీడియోగేమ్‌లో ఓ లెవెల్‌లా కనిపించేది అందుకే.

ఇక్కడే ఓ న్యాయమైన అభ్యంతరం ఉంది. నల్లజాతివాళ్లు తమ బతుకులోంచి తీసిన కళను, ఏ కష్టమూ తెలియని తెల్ల మధ్యతరగతి పిల్లాడు వేషంలా వేసుకున్నాడన్నది. తొలి పాటల్లో మత్తుమందుల, తుపాకుల మాటలు వింటే ఆ అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేం. అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు 'అది వ్యంగ్యం' అంటారు. నాకు ఆ సమర్థన అతకదు. వ్యంగ్యమైతే ఎవరిమీద? నాకు తోచేది వేరు. అరువు తెచ్చుకున్న మాటలు అరువువే. వాటికింద ఉన్న ఒంటరితనం మాత్రం అతనిదే. మొదటి రెండేళ్ల పాటల్లో అరువు ఎక్కువ, సొంతం తక్కువ. పోనుపోను ఆ లెక్క తిరగబడింది.

ఈ అభ్యంతరాన్ని స్వీడన్ లోపలినుంచి చూస్తే ఇంకో మెలిక ఉంది. స్వీడిష్ ర్యాప్ అంటే ఆ దేశంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇతను కాదు. 1965 నుంచి 1974 దాకా ప్రభుత్వం పది లక్షల ఇళ్లు కట్టించింది. నగరాల అంచుల్లో లేచిన ఆ కాంక్రీటు కాలనీల్లోకి తర్వాతి దశాబ్దాల్లో వలస కుటుంబాలు చేరాయి. ఆ కాలనీల్లోంచే ది లాటిన్ కింగ్స్ బృందం వచ్చింది. స్టాక్‌హోమ్ దక్షిణాన బోట్‌షిర్కాకు చెందిన ఈ కుర్రాళ్లు 1994లో తొలి ఆల్బమ్ తెచ్చారు. టర్కిష్, అరబిక్, స్పానిష్ మాటలు కలిసిన కాలనీ స్వీడిష్‌ను మొదటిసారి రేడియోకెక్కించింది వాళ్లే. సోడెర్‌మాల్మ్‌లో పెరిగిన పెటెర్ అనే ర్యాపర్ 1998లో తెచ్చిన తొలి ఆల్బమ్‌తో స్వీడిష్ ర్యాప్ ఇంటింటికీ చేరింది. ఆ తర్వాతి గ్యాంగ్‌స్టర్ ర్యాప్ తరంలో పాటకూ నేరానికీ మధ్య గీత చెరిగిపోయింది. ఎన్నో అవార్డులందుకున్న ఎయ్‌నార్ అనే ర్యాపర్‌ని 2021 అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో కాల్చి చంపారు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు.

ఈ పెద్ద ప్రవాహంలో యంగ్ లీన్ ఎక్కడా కలవడు. కాలనీ కుర్రాడు కాదు, పాడేది స్వీడిష్‌లో కాదు, వినేవాళ్లలో చాలామంది స్వీడన్‌లో లేరు. 2014లో అమెరికాలో టికెట్లు అమ్ముకుని టూర్ చేస్తున్నప్పుడు సొంతూళ్లో అతన్ని ఓ వింతగానే చూశారు. 'అండర్‌గ్రౌండ్' అన్న మాటకు అతని విషయంలో అర్థం ఇదీ: ఊరి రేడియోకీ, ఊరి వీధికీ చెందకుండా, పక్క గదిలో అమ్మానాన్నలకే తెలియకుండా ప్రపంచమంతా తిరిగొచ్చిన పాట.

2013లోనే వచ్చిన 'అన్‌నోన్ డెత్ 2002' మిక్స్‌టేప్, 2014లో 'అన్‌నోన్ మెమరీ' ఆల్బమ్. రెండోదాంట్లో అప్పుడప్పుడే పైకొస్తున్న అమెరికన్ ర్యాపర్ ట్రావిస్ స్కాట్ ఓ పాటలో ఉన్నాడు. అంతవరకు అంతా బాగానే ఉంది.

2015లో తర్వాతి ఆల్బమ్ కోసం మయామీ వెళ్లారు. అద్దె ఇల్లు, రాత్రింబవళ్లు రికార్డింగ్, చేతికందినంత మత్తు. దగ్గు మందు, గంజాయి, కొకైన్, ఆందోళన తగ్గించే జానాక్స్ మాత్రలు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు పాటల్లో ఆడుకున్న మాటలన్నీ ఒక్కసారిగా నిజమయ్యాయి. ఏప్రిల్‌లో అతని మతి చెదిరి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అతని అమెరికా వ్యవహారాలు చూస్తున్న బ్యారన్ మాకాట్ కారు ప్రమాదంలో చనిపోయాడు. పాటలు విడుదల చేసే హిప్పోస్ ఇన్ ట్యాంక్స్ అనే చిన్న లేబుల్ నడిపిన మనిషి అతను. యంగ్ లీన్ తండ్రి వచ్చి కొడుకుని స్వీడన్‌కు తీసుకెళ్లాడు. కొంతకాలం నగరానికి దూరంగా పల్లెలో కోలుకున్నాడు. ఈ సంగతులను అతనే తర్వాత ఇంటర్వ్యూల్లో, 2020లో వచ్చిన ఓ డాక్యుమెంటరీలో చెప్పుకున్నాడు.

మయామీలో పుట్టిన ఆ ఆల్బమ్ 2016లో 'వార్‌లార్డ్' పేరుతో వచ్చింది. వినడానికి కష్టంగా ఉంటుంది. బాస్ చెవులు పగలగొడుతుంది, గొంతు అరుపుకు దగ్గరగా ఉంటుంది, పాత బొమ్మలూ ఐస్‌టీలూ మాయం. కొందరు అభిమానులు దీన్ని అతని గొప్ప పని అంటారు. మనిషి మునిగిపోతున్న శబ్దాన్ని గొప్ప కళగా మెచ్చుకోవడానికి నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

అసలు మలుపు 2017 నాటి 'స్ట్రేంజర్'. అందులో 'అగొనీ' అనే పాట ఉంది. అంతకుముందటి యంగ్ లీన్‌ని విన్నవాళ్లు దీన్ని గుర్తుపట్టరు. డ్రమ్ములు లేవు. పియానో, దానిమీద గొంతు, అంతే. మతి జారిపోతున్నప్పుడు ఇంట్లో వస్తువులు ఎలా కనిపిస్తాయో మామూలు మాటల్లో చెబుతాడు. గొంతు ఇప్పటికీ శ్రుతికి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కానీ 2013లో అదే ఊగిసలాట నిర్లక్ష్యంలా వినిపించేది, ఇక్కడ భయంలా వినిపిస్తుంది. పాడేవాడి నైపుణ్యం పెద్దగా పెరగలేదు. చెప్పాల్సింది మారింది, ఆ గొంతు దానికి సరిపోయింది. అతని పాటల్లో ఒక్కటే దాచుకోమంటే నేను దీన్నే దాచుకుంటాను.

ఇదే సమయంలో అతను పేర్లు మార్చుకుంటూ పోయాడు. గుడ్‌తో కలిసి 'డోద్ మార్క్' పేరుతో పంక్ రాక్ చేశాడు, అది స్వీడిష్‌లో. సొంతభాషలో అరవడానికి అతనికి ర్యాప్ కాక పంక్ దొరికిందన్నది గమనించదగ్గ సంగతి. 'జొనాటాన్ లియాండోర్ 96' లాంటి పేర్లతో నింపాదైన పాటల ఆల్బమ్‌లు తెచ్చాడు. అవి కొన్ని బాగుంటాయి, కొన్ని డైరీ పేజీల్లా ఉంటాయి.

వ్యాపారం సంగతి తక్కువగా మాట్లాడతారు గానీ, ఈ బృందం నిలబడటానికి అది పెద్ద కారణం. 2015లో స్టాక్‌హోమ్‌లో ఇయర్0001 అనే లేబుల్ మొదలైంది. ఎన్నో ఏళ్లపాటు ఇతని పాటలూ, స్నేహితుల పాటలూ అక్కడినుంచే వచ్చాయి. బట్టలు, వీడియోలు, టూర్లు కూడా అదే గొడుగు కింద నడిచాయి. పెద్ద కంపెనీ చేతుల్లో పడి ఉంటే 'క్యోటో' లాంటివి ఇంకో పది చెయ్యమనేవారు. పియానో పాటలూ పంక్ ఆల్బమ్‌లూ బయటికొచ్చేవి కావు.

ఆ స్నేహితుల పేరు డ్రెయిన్ గ్యాంగ్. బ్లేడ్, ఎకో 2కె, థాయ్‌బాయ్ డిజిటల్, బీట్లు కట్టే వైట్‌ఆర్మర్. శాడ్ బాయ్స్‌కు అన్నదమ్ముల్లాంటి గుంపు. రెండు గుంపుల మధ్య హద్దు బయటివాళ్లకు కనిపించదు. లీన్ 2018 మిక్స్‌టేప్ 'పాయిజన్ ఐవీ' మొత్తం వైట్‌ఆర్మర్ సంగీతమే. థాయ్‌బాయ్ కుటుంబం థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. 2015లో స్వీడన్‌లో ఉండేందుకు అనుమతి కరువై అతను తిరిగి థాయ్‌లాండ్ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఒకే స్నేహబృందంలో ఒకడికి పాస్‌పోర్టు సమస్యే కాదు, ఇంకొకడికి అదే బతుకు సమస్య. ఆన్‌లైన్‌లో పుట్టిన సంగీతానికి సరిహద్దులుండవని చెప్పేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు. ఆటోట్యూన్‌ను గొంతు సరిదిద్దడానికి కాక గొంతును మనిషిది కాకుండా చెయ్యడానికి వాడటంలో బ్లేడ్ లీన్ కన్నా ముందుకెళ్లాడు. ఈ మధ్య గొంతునూ శబ్దాలనూ అతిగా మార్చి పాడే హైపర్‌పాప్ పిల్లల్లో చాలామంది అతన్నే పెద్దన్నగా చూస్తారు.

ప్రభావం విషయానికొస్తే, దిగులును దాచకుండా ట్రాప్ బీట్ మీద పెట్టడం 2016 తర్వాత అమెరికాలో ఇమో ర్యాప్ పేరుతో పెద్ద వెల్లువైంది. ఆ దారి వేసినవాళ్లలో విమర్శకులు ఇతని పేరు తప్పకుండా చెబుతారు. మొత్తం ఘనత ఇతనికే కట్టబెట్టడం మాత్రం అతి. అమెరికన్ ర్యాపర్ కాన్యే వెస్ట్ 2008లోనే ఆటోట్యూన్‌తో ఏడ్చి చూపించాడు. లిల్ బి ఉండనే ఉన్నాడు. లీన్ చేసింది ఒకటుంది. ఆ దిగులు అమెరికా సొత్తు కానక్కర్లేదని, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా పలికే కుర్రాడు కూడా తన యాసలోనే చెప్పుకోవచ్చని చూపించాడు. అతని తర్వాత యూరప్‌లో, రష్యాలో పడగ్గదుల్లోంచి ర్యాప్ చేసినవాళ్లకు అది ఓ అనుమతిపత్రం.

పెద్దవాళ్లూ పిలిచారు. అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ ఓషన్ 2016 ఆల్బమ్ 'బ్లాండ్'లో రెండు పాటల్లో ఇతని గొంతుంది. వెతికితే తప్ప దొరకదు, అంత వెనకగా. 2022లో 'జిన్‌సెంగ్ స్ట్రిప్ 2002' టిక్‌టాక్‌లో మళ్లీ మార్మోగింది. ఆ పాట వచ్చినప్పుడు బళ్లో కూడా చేరని పిల్లలు దానికి వీడియోలు చేశారు. 2024లో చార్లీ ఎక్స్‌సీఎక్స్ '360' రీమిక్స్‌లో రాబిన్ పక్కన కనిపించాడు. రాబిన్ స్వీడిష్ పాప్‌కు మహారాణి లాంటిది. ఒకప్పుడు సొంత దేశం పట్టించుకోని కుర్రాడు ఆ దేశపు పాప్ వంశవృక్షంలో చేరడానికి ఓ బ్రిటిష్ గాయని పాట కావాల్సి వచ్చింది.

2024లోనే బ్లేడ్‌తో కలిసి 'సైకోస్' అనే ఆల్బమ్ తెచ్చాడు. అందులో ర్యాప్ దాదాపు లేదు. గిటార్లు, 80ల నాటి పోస్ట్-పంక్ వాసన. 2025 మే నెలలో వచ్చిన ఆల్బమ్ పేరు 'జొనాటాన్'. కవరుమీద యంగ్ లీన్ పేరు, శీర్షికగా అసలు పేరు. ఇన్నాళ్లూ వేరు వేరు పేర్ల కింద దాచిన నింపాది పాటలను ఈసారి పాత పేరుతోనే బయటపెట్టాడు. ర్యాప్ కోసం వచ్చినవాళ్లకు నిరాశ తప్పదు. నాకైతే అన్ని పాటలూ ఎక్కలేదు. మధ్యలో కొన్ని ఒకేలా సాగుతాయి. అయినా ఆ సాదా గొంతు చుట్టూ ఏ రివర్బ్ ముసుగూ లేకుండా పాట నిలబడటం వినడానికి బాగుంది.

కొత్తగా వినేవాళ్లు ఆల్బమ్‌ల వరసలో వెళ్లకపోవడమే మంచిది, మొదట్లోనే విసుగొస్తుంది. ముందు 'క్యోటో', వెంటనే 'అగొనీ' వినండి. రెండూ ఒకే మనిషివేనన్న సంగతి నమ్మబుద్ధి కాకపోతే 'స్ట్రేంజర్' మొత్తం పెట్టండి, దాన్నుంచి 2020 నాటి 'స్టార్జ్'కు, అక్కణ్నుంచి 'సైకోస్'కు. 'వార్‌లార్డ్' చివర్లో, పగటిపూట.